కొట్టడానికి పర్యాయపదాలు

అంగారకుడి మీద పినాకిని గుమ్మటంలో పిల్లలు పొద్దున లేవగానే గాలి పీడనం చూసుకుంటారు. ఆ తరవాత ఇంగ్లీషు మాటలు చదువుకుంటారు. రెండూ బతకడానికే. మనుషులు కాపురముంటున్న మూడు లోకాలకూ ఉమ్మడి శిక్షాస్మృతి ఇంగ్లీషులో ఉంది. అందులో ప్రతి శిక్షనూ ఒక క్రియాపదానికి ముడిపెట్టారు. థ్రాష్ చేస్తే మందలింపు. బ్యాటర్ చేస్తే గనిలో చాకిరీ. బ్లడ్జన్ చేస్తే గుమ్మటం బయటికి గెంటేస్తారు. బయట పీల్చుకోవడానికి గాలి లేదు.

తెలుగు మాట్లాడుతూ పెరిగిన పిల్లలకు ఇక్కడే చిక్కు. గోడకు మేకు కొడతారు, ఈల కొడతారు, మనిషినీ కొడతారు. అంతా కొట్టడమే.

రుక్మాంగదం మాస్టారు ఆ తేడాలు చెప్పడంలోనే జుట్టు నెరిసిన మనిషి. "థ్రాష్ అంటే వరసపెట్టి బాదడం. బ్యాటర్ అంటే ఒళ్లు చితికేలా కొట్టడం. బ్లడ్జన్ అంటే బరువైన వస్తువుతో, మనిషి మళ్లీ లేవకుండా మోదడం" అని చెప్పేవారు. పిల్లలు వల్లె వేసేవారు. మర్నాటికి మూడూ కలగలిపేసేవారు.

డాక్టర్ నస్రీన్ పర్యాయికను కనిపెట్టింది ఈ బాధ చూసే. చూడటానికి అది నుదుటికి కట్టుకునే వెండిరంగు పట్టీ. గుమ్మటంలో పుట్టిన ప్రతి మనిషికీ చెవి వెనక ఒక జ్ఞాపకపూస ఉంటుంది. ఒంటికి తగిలినదంతా అందులో నిలిచిపోతుంది. ఆ పూసలోని ఒక క్షణాన్ని తీసి నేర్చుకునేవాడి నాడుల్లోకి పంపడమే పర్యాయిక పని. దానికి ఆమె పెట్టిన పేరు అర్థప్రసారం, సెమాంటిక్ ఇండక్షన్. ముందు మాట వినిపిస్తుంది, తరవాత నిర్వచనం వినిపిస్తుంది, ఆ వెంటనే మాట ఒంట్లోకి దిగుతుంది. గాయం కాదు. నొప్పి మాత్రం నిజం.

థ్రాష్‌కూ బ్యాటర్‌కూ పూసలు దొరికాయి. బ్లడ్జన్‌కు దొరకలేదు. ఆ దెబ్బ తిన్నవాళ్లెవరూ పూస ఇవ్వడానికి మిగలరు.

ఒకరోజు మాస్టారు ప్రయోగశాలకు వచ్చి, రుమాలు మడత విప్పి, ఒక పూసను బల్ల మీద పెట్టారు.

నస్రీన్ దాన్ని ముట్టుకోలేదు. "మీ మృదులదా మాస్టారూ?"

"అవునమ్మా."

"మీరు చూశారా ఇందులో ఏముందో?"

"లేదు. చూడను."

"మరి ఎందుకు ఇస్తున్నారు?"

ఆయన రుమాలు మళ్లీ మడిచారు. "నీళ్ల పంపు దగ్గర మా అమ్మాయిని కొట్టి చంపిన గుంపులో నా దగ్గర చదువుకున్నవాళ్లే ఉన్నారు. వాళ్లకు నేను మాట నేర్పాను గానీ అర్థం నేర్పలేకపోయాను. ఒక్కసారి ఇది ఒంటి మీద పడితే, ఆ చెయ్యి ఇంకొకరి మీద లేస్తుందా?"

"లేవదనే నా నమ్మకం."

"అయితే పెట్టండి. అది ఉత్తినే పోయిందని మాత్రం అనిపించకూడదు నాకు."

పెద్ద తరగతిలో పట్టీ ముందుగా కట్టుకున్నవాడు సాత్యకి. ఇరవై దాటినవాడు, మాటకారి.

"మాస్టారూ, ఈ కొట్టుళ్లు ఎప్పుడూ ఉండేవేగా. ముద్దుకు పర్యాయపదాలు లేవా?"

తరగతి గొల్లుమంది. "ముందు కూర్చోరా" అన్నారు మాస్టారు.

థ్రాష్ దగ్గర సాత్యకి భుజాలు ముడుచుకున్నాడు. బ్యాటర్ దగ్గర పళ్లు కరుచుకున్నాడు. మూడో మాట ఒంట్లోకి దిగగానే బల్ల మీంచి కిందపడ్డాడు. రెండు చేతులతో తల కప్పుకుని, కాళ్లు కొట్టుకుని, నేల మీదే వాంతి చేసుకున్నాడు. పట్టీ విప్పాక మెల్లగా లేచి కూర్చున్నాడు.

"మృదులక్కకు ఇంత నొప్పి పుట్టిందా మాస్టారూ?" అన్నాడు చివరికి.

మాస్టారు బయటికి వెళ్లి, గోడకు నుదురు ఆనించి నిలబడ్డారు.

ఆ ఏడు పరీక్షలో ఆ మాటల దగ్గర ఒక్కరూ తప్పు చేయలేదు. పంపుల దగ్గర ఒక్క గొడవా జరగలేదు. మాస్టారికి నిద్ర పట్టడం మొదలైంది.

తరవాత దుమ్ము రుతువు వచ్చింది. సౌరఫలకాలు మూసుకుపోయి, పంపులకు కరెంటు అందక నీటికి కరువైంది. పంపు నడిపే శౌరి తన వాళ్లకు దొంగచాటుగా నీళ్లు వదులుతున్నాడని పుకారు లేచింది. కేకలు విని మాస్టారు పరుగున వెళ్లేసరికి శౌరి నేల మీద ఉన్నాడు. నోటినిండా రక్తం. ఒక చెయ్యి మోచేతి దగ్గర వెనక్కి తిరిగిపోయి ఉంది. చుట్టూ ఆయన విద్యార్థులు. చేతుల్లో పైపు ముక్కలు, వాటికి మెత్తగా చుట్టిన గుడ్డలు.

"మోకాలు వద్దురోయ్, కుంటోడైతే మెయిమ్ కిందికి వచ్చేస్తది!"

"తల జోలికి పోమాక. వీపు మీద ఎయ్యి."

ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. శౌరి అరుపు మధ్యలోనే తెగిపోయింది.

"చాలు, ఆపండి. ఇక్కడి దాకా బ్యాటరే" అని చెయ్యెత్తాడు ఒకడు. అతను సాత్యకి.

మాస్టారు గుంపును తోసుకుంటూ లోపలికి వెళ్లారు. "ఒరేయ్, ఆ నొప్పి నీకు తెలుసు కదరా!"

"తెలుసు కాబట్టే ఆపాను మాస్టారూ." సాత్యకి గొంతులో వెటకారం లేదు. "ఎక్కడ ఆపాలో మీరేగా నేర్పింది. అక్కను కొట్టినోళ్లకు ఈ చదువు లేకపోయె. అక్క పుణ్యాన ఈ శౌరిగాడు బతికిపోయాడు."

మాస్టారు అతని చెంప మీద కొట్టారు.

"స్లాప్" అన్నాడు సాత్యకి, తరగతిలో జవాబు చెప్పినట్టు. వెనక ఎవరో నవ్వారు. "దానికి శిక్షే లేదు మాస్టారూ. ఇంకోటి వేసుకోండి."

కింద ఒక పైపు పడి ఉంది. దాని గుడ్డ ఊడిపోయింది. మాస్టారు దాన్ని తీసుకుని అతని భుజం మీద వేశారు.

"స్ట్రైక్!" అన్నారు పిల్లలు, సరదాగా.

మళ్లీ వేశారు. మళ్లీ.

"థ్రాష్!" ఈసారి అందరూ కలిశారు.

సాత్యకి మోకాళ్ల మీద కూలాడు. అడ్డం పెట్టిన చేతివేళ్లు చితికాయి. "బ్యాటర్!" అంది తరగతి. ఆ గొంతుల్లో నవ్వు తగ్గింది.

ఆయన పైపును రెండు చేతులతో పట్టుకుని తల మీదికి ఎత్తారు. ఆ మాట అందరికీ వచ్చు. ఎవరూ అనలేదు.

చెయ్యి తేలికగా ఉంది. మృదుల పోయినప్పటి నుంచి గుండెల మీద ఉన్న బరువు దెబ్బ దెబ్బకూ దిగిపోతోంది. పర్యాయికలో ఎక్కించినవన్నీ దెబ్బలు తిన్నవాళ్ల జ్ఞాపకాలే. కొట్టినవాడికి ఇంత హాయిగా ఉంటుందని ఎవరూ ఎక్కించలేదు.

ఆయన ఆగేసరికి సాత్యకి కదలడం మానేశాడు.

కాపలా దళం పెద్ద జోజప్ప వచ్చి, వంగి సాత్యకి మెడ దగ్గర తాకి చూసి, తల అడ్డంగా ఊపాడు. ఒకప్పుడు అతనూ మాస్టారి దగ్గర చదివినవాడే. మణికట్టు మీది యంత్రం వెలిగించాడు. అది శిక్షను తేల్చే ఒక్క మాట కోసం ఎదురుచూస్తోంది.

జోజప్ప దాన్ని అరచేత్తో మూసి, ఆయన దగ్గరికి జరిగాడు. "మాస్టారూ, మీ గురించి నాకు తెలియంది కాదు. తోపులాటలో పడి తల పగిలిందని పెడతాను. స్కఫుల్. కాస్త మీ నోటితో అనండి, చాలు."

మాస్టారు చేతిలోని పైపు కింద పెట్టారు. అద్దాలు సరిచేసుకున్నారు. జోజప్ప అరచెయ్యి తీసి, మణికట్టును ఆయన నోటి దగ్గరికి చాచాడు.

"స్కఫుల్" అన్నారాయన, ప్రతి అక్షరమూ స్పష్టంగా.

వెనక నిలబడ్డ పిల్లలు, అలవాటు కొద్దీ, ఆయన తరవాత ఒక్క గొంతుతో ఆ మాటను అన్నారు.