ఎంత సన్నగా వినిపించినా

కుందాపుర బస్టాండు వెనక సందులో ఉన్న చెవి డాక్టరు గారి క్లినిక్‌లో వారిజ పదహారేళ్ళుగా వినికిడి పరీక్షలు చేస్తోంది. పొద్దున వచ్చీ రాగానే ఆమె చేసే మొదటి పని హెడ్‌ఫోన్ తన చెవులకు పెట్టుకుని వినడం. ఎరుపు కప్పు కుడి చెవికి, నీలం కప్పు ఎడమ చెవికి. ఒక్కో కూత వదిలి, శుభ్రంగా వస్తోందో లేదో చూసుకుని, పుస్తకంలో సంతకం పెట్టాకే మొదటి మనిషిని లోపలికి పిలుస్తుంది.

ఆ సోమవారం వాన తెరిపి ఇవ్వలేదు. మూడు రోజులుగా అదే వరస. పరీక్ష గది గోడలకు అతికించిన స్పాంజి తడి పీల్చుకుని బూజు వాసన కొడుతోంది. గది అంటే గది కాదు, మనిషి కూర్చునేంత పెట్టె. మందపాటి తలుపు, చిన్న అద్దం కిటికీ, లోపల ఒక కుర్చీ. తలుపు వేస్తే వాన కూడా వినపడదు. ఎవరి ఊపిరి వాళ్ళకే వినిపిస్తుంది.

కుడివైపు కూత బాగానే వచ్చింది. ఎడమవైపు పగిలింది. చిరిగిన కాగితం వెనక నుంచి ఎవరో ఊదుతున్నట్టు గరగరమంది.

తన చెవిలో గుబిలేమోనని హెడ్‌ఫోన్ తిప్పి పెట్టుకుంది. నీలం కప్పుతో పాటు గరగర కూడా కుడి చెవికి మారింది. అయితే తప్పు చెవిది కాదు. వైరు మొదట్లో వేళ్ళతో నలిపి చూసింది. గరగర ఒక్క క్షణం పోయి మళ్ళీ వచ్చింది. లోపల తీగ తెగినట్టుంది. అలమారలోంచి కొత్త వైరు తీసి మార్చింది. ఈసారి కూత గాజు గ్లాసుకి చెంచా తగిలినట్టు తేటగా వచ్చింది.

"మళ్ళీ చెడిందా?" అంది గది ఊడుస్తున్న కుసుమక్క. "శనివారం ఆ ముసలాయన దాన్ని నలిపి నలిపి వదిలాడు. ఎత్తిన చెయ్యి దించితేగా, బడిపిల్లాడిలా!"

"సూరప్ప గారా?"

ఎడమ చెవి పూర్తిగా పోయిన మనిషి సూరప్ప. వారిజ ఏమీ వదలకుండానే ఎడమ చెయ్యి ఎత్తాడు. ఎత్తిన ప్రతిసారీ నవ్వాడు. "మా ఆవిడ," అన్నాడు. వారిజ ఆ వివరమేమీ అడక్కుండా, కాగితం మీద తప్పుడు జవాబులని రాసి పంపేసింది.

"ఆయనే. నిన్న తెల్లారుతూనే ఎటో వెళ్ళిపోయాడట. గొడుగు లేదు, చెప్పుల్లేవు. ఇంకా వెతుకుతున్నారు. ఎవరో పిలుస్తున్నారని మనవరాలితో అన్నాడట. ఆయన భార్య పోయి తొమ్మిదేళ్ళు, ఇంకెవరు పిలుస్తారమ్మా?"

"ముసలితనం."

"ఏమో. మనిషి కనబడకుండా పిలుపు వినబడితే గబుక్కున పలకొద్దనేది మా అమ్మ. మూడుసార్లు పిలిచేదాకా ఆగాలట."

"అలా ఆగితే మన క్లినిక్ మూసుకోవాల్సిందే అక్కా."

ఇద్దరూ నవ్వుకున్నారు.

మూడింటికి డాక్టరు గారు భోజనానికి వెళ్ళారు. కుసుమక్క వెనక వరండాలో గంజి తాగుతోంది. అప్పుడొచ్చింది చైత్ర, తల నుంచి నీళ్ళు కారుతూ. వారిజకి ఒక్కతే కూతురు. రైలు నడిపే ఉద్యోగం వచ్చింది. వారంలో హుబ్బళ్ళిలో చేరాలి. అక్కడ రైల్వే డాక్టర్లు చెవులు చూస్తారు. చిన్నప్పుడు ఎడమ చెవి కారేది కాబట్టి, ముందు అమ్మ చేత చూపించుకుంటానని పట్టుబట్టింది.

"గొడుగేదే?"

"బస్సులో మర్చిపోయా. తిట్టేది తిట్టేసి పరీక్ష చెయ్యి."

"తిట్టేది వినబడుతుంటే ఇంక పరీక్షెందుకు?"

"నీ తిట్లు ఏటవతల గంగొళ్ళి దాకా వినబడతాయిలే అమ్మా. చెవులతో పనేముంది?"

వారిజ తువ్వాలు విసిరింది. చైత్ర తల తుడుచుకుని పెట్టెలో కూర్చుంది. హెడ్‌ఫోన్ సరిగ్గా పెట్టి, పదహారేళ్ళుగా అందరికీ చెప్పే మాటే కూతురికీ చెప్పింది వారిజ.

"ఎంత సన్నగా వినిపించినా సరే, ఏ వైపు వినిపిస్తే ఆ చెయ్యి ఎత్తాలి. అనుమానంగా ఉన్నా ఎత్తాలి."

"అలాగే టీచరు గారూ."

తలుపు వేసింది. బయట మిషను ముందు కూర్చుంది. అద్దంలోంచి చైత్ర ముఖం కనిపిస్తోంది. కుడి చెవి చూసింది. చక్కగా ఉంది, ఒక్క కూత కూడా తప్పలేదు. ఇక ఎడమ. మీట తిప్పి, కాగితం మీద గీత గీసుకుంటోంది వారిజ.

తల ఎత్తేసరికి చైత్ర ఎడమ చెయ్యి పైకి లేచి ఉంది.

ఆమె ఇంకా ఏమీ వదల్లేదు. కంగారు పడుతోందనుకుంది. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఆగింది.

చైత్ర చెయ్యి దిగింది. కాసేపటికి మళ్ళీ లేచింది.

వారిజ మైకు మీట నొక్కింది. "చైత్రా, నేనింకా ఏమీ పెట్టలేదు."

"ఆటలాడకమ్మా," పెట్టె లోపలి మాట చిన్న స్పీకరులోంచి వచ్చింది. "పిలుస్తున్నావుగా."

"ఏమని?"

"పేరు పెట్టి. గొంతు కాస్త పగిలినట్టుంది. జలుబు చేసిందా?"

వారిజ మీట మీంచి వేలు తీసింది. బూజు వాసన ఎక్కువైనట్టనిపించింది. వంగి, నీలం వైరుని మిషను నుంచి లాగేసింది. వైరు కొస చేతిలో వేలాడుతోంది.

చైత్ర చెయ్యి లేచింది.

"తిప్పి పెట్టుకో," అంది వారిజ. "ఎరుపుది ఎడమ చెవికి. మాట్లాడకు, ముందు పెట్టుకో."

చైత్ర తిప్పి పెట్టుకుంది. వైరుదైతే ఇప్పుడు కుడి చెయ్యి లేవాలి. కుడి చెయ్యే లేవాలి... వారిజ అద్దంలోంచి చూసింది.

లేచింది ఎడమ చెయ్యి.

"తీసెయ్. తీసెయ్ చైత్రా."

హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకుంది చైత్ర. ఇప్పుడామె చెవులకు ఏమీ లేదు. ఎడమవైపు గోడకేసి తల తిప్పింది. ఎవరో తెలిసిన మనిషిని చూసినట్టు కనుబొమలు లేచాయి. చెయ్యి కూడా లేచింది. నెమ్మదిగా... పూర్తిగా.

వారిజ తలుపు లాగింది. తడికి ఉబ్బిన తలుపు రాలేదు. రెండోసారి లాగితే వచ్చింది.

"చెయ్యి దించు!"

"నువ్వే కదా ఎత్తమన్నావు..." చైత్ర గుసగుసలాడింది. కళ్ళు ఇంకా గోడ మీదే ఉన్నాయి. "ఎంత సన్నగా వినిపించినా అన్నావు. ఇప్పుడంత సన్నగా కూడా లేదమ్మా. దగ్గరికొచ్చింది."

సూరప్ప గారి నవ్వు గుర్తొచ్చింది వారిజకి. చెయ్యి ఎత్తినకొద్దీ పిలుపు దగ్గరవుతుంది. వెళ్ళేదాకా పిలుస్తుంది.

కూతురి జబ్బ పట్టుకుని బయటికి లాగింది. తను లోపలికి దూరి తలుపు వేసుకుంది. కుర్చీ వెచ్చగా ఉంది. నీలం కప్పు ఎడమ చెవికి ఆనించుకుంది.

ఏమీ లేదు.

తన రక్తం చప్పుడు. తన ఊపిరి.

తన ఊపిరి కాని ఇంకో ఊపిరి...

"అమ్మా..."

చైత్ర గొంతే. పగిలి, గరగరమంటూ. అద్దం అవతల చైత్ర నిలబడి ఉంది. పెదవులు కలిసే ఉన్నాయి.

"అమ్మా..."

ఏం చేస్తే పోతుందో ఎవరూ చెప్పలేదు. ఒకళ్ళు పలికితే ఇంకొకళ్ళని వదులుతుందేమోనన్న ఆశ తప్ప ఆమె దగ్గర ఇంకేమీ లేదు. కళ్ళు మూసుకుని, ఎడమ చెయ్యి పూర్తిగా పైకెత్తింది.

తలుపు తెరుచుకుంది. చైత్ర చెవి రుద్దుకుంటోంది.

"ఆగిపోయిందమ్మా. ఏమిటది?"

"వైరు," అంది వారిజ.

ఆ రాత్రే చెప్పేసింది, అంతా కాదు, అవసరమైనంత. "నేను ఫోనులో తప్ప నిన్ను పిలవను. ఇంకెక్కడ నా గొంతు వినబడినా పలకొద్దు." చైత్ర నవ్వలేదు. సరేనంది.

హుబ్బళ్ళిలో రైల్వే డాక్టర్లు చైత్ర చెవులు రెండూ బాగున్నాయన్నారు. ఉద్యోగంలో చేరింది, హాస్టల్లో గదిచ్చారు. రోజూ ఏడింటికి వారిజ ఫోను చేసేది. ఏం తిన్నావే అంటే, సాంబారు తీపిగా ఉందనేది.

వారిజ చెవిలో పిలుపు మాత్రం పోలేదు. చేపలు తోముతుంటే, బస్సులో కూర్చుంటే, క్లినిక్‌లో కాగితం రాస్తుంటే... ఎడమవైపు నుంచి, అమ్మా. ఆమె పలకలేదు. మనిషి ముఖం చూడనిదే ఎవరికీ పలకడం మానేసింది. కుసుమక్క అలిగింది కూడా. "పదిసార్లు పిలిచా, చెవుడొచ్చిందా నీకు?" వస్తే బాగుండుననుకుంది వారిజ. రాత్రుళ్ళు ఎడమ చెవిని దిండుకి అదుముకుని పడుకునేది. పిలుపు దిండులోంచి వచ్చేది. పిలవనీ. తనని పిలుస్తున్నంతసేపూ పిల్ల జోలికి పోదు.

సూరప్ప గారు దొరకలేదు. వాళ్ళ వాళ్ళు వెతకడం మానేశారు.

ఆ పరీక్ష జరిగిన పదకొండో రోజు సాయంత్రం వాన వెలిసింది. వారిజ దీపం పెట్టి వచ్చి అరుగు మీద కూర్చుంది. చాలాసేపటికి గాని గమనించలేదు. పొద్దుటి నుంచి ఒక్క పిలుపు కూడా లేదు. ఎడమ చెవిలో వేలు పెట్టి తీసింది. కప్పలు వినబడ్డాయి, పక్కింటి కుక్కరు కూత వినబడింది. అంతే.

పోయింది.

కళ్ళు తుడుచుకుని, ఏడు కొట్టకముందే ఫోను చేసింది. ఈ కబురు చెప్పాలి. ఈసారి సెలవు దొరికితే రమ్మనాలి.

మోగింది. మోగుతూనే ఉంది. తొమ్మిదో మోతకో పదో మోతకో ఎవరో ఎత్తారు.

మాట లేదు. ఊపిరి ఉంది.

వారిజ ఇంకా నోరు తెరవలేదు.

"చైత్రా..." అంది ఫోను.

వారిజ గొంతే. ఎక్కడా పగల్లేదు. గరగర లేదు. తను పిలిస్తే ఎలా ఉంటుందో అచ్చం అలాగే, ముద్దుగా.

ఫోనులోనే, హాస్టలు గది అవతలి మూల నుంచి, దూరంగా, నవ్వుతూ కూతురు పలికింది.

"ఆఁ... వస్తున్నానమ్మా!"