రాతిగదిలో బైరప్ప పేరు

కాటన్‌పేటలో ఒక లితో ప్రెస్సు, అంటే రాతిమీద బొమ్మ గీసి అచ్చేసే కార్ఖానా, ఉండేదంట. దాని వెనకుండే రాతిగది మంచిది కాదని చెప్పుకునేవాళ్ళు. పొద్దు గూకినాక అందులోకి ఎవరూ పోరు... అగరబత్తి పెట్టెలకు దేవతల బొమ్మలు గీసే బైరప్ప అక్కడే, రాయిమీద తల వాల్చి ప్రాణం వదిలినాడు.

ఊరికే కాదు. అతను గీసిన ప్రతి బొమ్మ కిందా ప్రెస్సు సావుకారు గోపాలప్ప తన పేరే వేయించుకున్నాడు. ఒక్కసారి — ఒకే ఒక్కసారి — బైరప్ప తన పేరు రాసుకుంటే, నలుగురి ముందరా తిట్టి చెరిపించినాడు. ఆ రాత్రే బైరప్ప పోయినాడు.

నాలుగేండ్లకు, యుద్ధం రోజుల్లో, ఇరవై ఏండ్ల అంజినప్ప ఆ పనిలో చేరినాడు. రాయిమీద అక్షరాలు తిరగేసి రాస్తేనే కాగితంమీద తిన్నగా పడతాయి. ఆ విద్య పట్టుబడేసరికి ఆర్నెల్లయింది. అప్పుడు మొదటిసారి, ఎవరి సాయమూ లేకుండా, ఒక లక్ష్మీదేవిని గీసినాడు.

సావుకారు వచ్చి చూసినాడు.

"బాగుండాది. కింద నా పేరెయ్యి."

అంజినప్పకు కడుపు మండింది. కానీ పని పోతే మళ్ళా దొరికే కాలం కాదు. వేసినాడు.

దీపాలు పెట్టే వేళకు, ఎవరూ పోని ఆ రాతిగదిలోనే, సావుకారే దగ్గరుండి తొలి అచ్చు తీయించినాడు. కాగితం లేపి చూస్తే — గోపాలప్ప పేరు మసకబారుండాది. దాని లోపలినుంచి ఇంకో పేరు తేలతా ఉండాది...

బైరప్ప.

"తుడువు. ఇంకోటి తియ్యి."

తీసినాడు. ఈసారి ఇంకా నల్లగా. మూడోదాంట్లో గోపాలప్ప పేరే లేదు.

సావుకారు చీకటి మూలకు చూసి, "నువ్వేనా?" అని గొణిగినాడు. వెనక్కి వెనక్కి నడిచి, గడప తట్టుకొని పడినాడు. కుడిచెయ్యి విరిగింది. నలుగురొచ్చి మోసుకుపోయినారు.

అంజినప్ప మిషనుకు దూరంగా జరిగినాడు. పాత బొమ్మలు పోయేలాగా అచ్చురాళ్ళు నూరే పాపక్క మెల్లిగా లోపలికొచ్చింది.

"బయపడాకప్పా. దెయ్యమూ లేదు, ఏమీ లేదు. నేను బైరప్ప పెండ్లాన్ని."

"అక్కా..."

"ఆయన పేరు రాసుకున్న రాయిని నేను కావాలనే సరిగ్గా నూరలా. ఆ సిరా జిడ్డు రాతిలోనే ఉంటాది, ఎప్పుడో ఒకపొద్దు పైకి తేలతాది. వాని కండ్లముందర తేలల్లని నాలుగేండ్లపైగా కాచుకోనుండాను." ఆమె కండ్లు మెరిసినాయి. "చెయ్యి విరిగిందా? బాగా విరిగిందా?"

అంజినప్ప గోడవైపు చెయ్యి చూపించినాడు.

"పాత రాళ్ళన్నీ అదో, ఆడనే ఉండాయక్కా. మిషనుమీది ఈ రాయి మొన్న మద్రాసునుంచి వచ్చింది. ఆయన చెయ్యి దీనిమీద పడిందే లేదు."

పాపక్క గోడ పక్కనుండే రాళ్ళలో ఆయన రాయిని చూసింది. మిషనుమీది రాయిని చూసింది.

తర్వాత కొంగు తలమీదికి లాక్కొని, ఆ కొత్త రాతిమీద అరచెయ్యి పెట్టి, గుసగుసగా అడిగింది —

"ఏమయ్యా, అన్నం తింటివా?"