రొట్టెపార మీద బిడ్డ

ఆ ఉదయం రొట్టెలు కాల్చి తీసేసరికి మంచు కురవడం ఆగింది. గూడులాంటి పెద్ద ఇటుక పొయ్యిలో నిప్పులు పక్కకు లాగేశారు. చెయ్యి పెడితే ఓర్చుకోగల వేడి. ఇల్లంతా నల్లరొట్టె పిండి పుల్లటి వాసన.

ఉస్తీన్య తన మూడు నెలల కొడుకు ఎఫీమ్‌కి ఆ పిండి ఒళ్లంతా పూసింది, ముక్కూ నోరూ వదిలేసి. బిడ్డకి ఏడవడానికి కూడా ఓపిక లేదు. ముందు పుట్టిన ఇద్దరూ ఇలాగే చిక్కి చిక్కి పోయారు.

"కడుపులో సరిగా కాలకుండానే బయటపడ్డాడు. ఇంకోసారి కాల్చాలి, అంతే," అంది అత్త ఫ్యోక్ల, శాలువా చుట్టుకుంటూ. "నేను కిటికీ కింద నిలబడి ఏం కాలుస్తున్నావని అడుగుతా. రోగాన్ని కాలుస్తున్నానని చెప్పు. మూడుసార్లు. నీది పిల్లి గొంతు, కాస్త గట్టిగా అఘోరించు."

"కథల్లో మంత్రగత్తె బాబా యగా కూడా పిల్లల్ని పార మీదే పొయ్యిలోకి తోస్తుంది కదత్తా..."

"ఆ అడవి ముసలిది తినడానికి తోస్తుంది. మనం బతికించుకోడానికి. నోరు మూసుకుని పార పట్టుకో."

అత్త బయటికి పోయింది. ఉస్తీన్య బిడ్డను, రొట్టెల్ని పొయ్యిలోకి తోసే చెక్కపారకు కట్టి లోపలికి తోసింది. లోపల చీకటి...

"ఏం కాలుస్తున్నావే?" కిటికీ కింద అత్త గొంతు.

"రోగాన్ని!" పార వెనక్కి లాగింది.

రెండోసారీ అంతే. మూడోసారి జవాబు విన్నాక ఆ గొంతు ఊరుకోలేదు. మెల్లగా, ఆశగా అడిగింది.

"చల్లారాక నాకిస్తావా?"

మనవణ్ని పక్కలో వేసుకోవాలని అత్తకి ఎప్పుడూ అదే యావ. ఉస్తీన్యకి నవ్వొచ్చింది. "నీకు కాక ఇంకెవరికిస్తాను!"

బయట ఎవరో తృప్తిగా ఊపిరి వదిలారు.

పార వెనక్కి లాగి కట్లు విప్పగానే బిడ్డ కెవ్వుమన్నాడు. రొమ్ము అందిస్తే ఆబగా తాగాడు. అప్పుడు తలుపు తోసుకుని ఫ్యోక్ల వచ్చింది, నడుం దాకా మంచు.

"గుమ్మం పక్కనే గోతిలో పడ్డానే! గొంతు చించుకున్నా వినవేం? కిటికీ దాకా పోనేలేదు... అయ్యో, తాగుతున్నాడే!" ముసలామె ఏడుస్తూ సిలువ గుర్తు వేసుకుంది.

ఉస్తీన్య కిటికీ వైపు చూసింది.

ఎండాకాలం వచ్చింది. ఎఫీమ్ బొద్దుగా తయారయ్యాడు. ఊరంతా చెమటలు కక్కుతున్నా ఉస్తీన్య పొయ్యి ఆర్పదు. బిడ్డను గుండెకు హత్తుకుని ఆ పక్కనే కూర్చుంటుంది.

"పిచ్చిదానా, పిల్లాణ్ని ఉడకబెడతావా?" అని అత్త తిడుతుంది. ఆవిడకి ఏమని చెప్పగలదు?

మొదట బిడ్డ కాలివేళ్లు. తర్వాత పాదాలు. ఎంత రుద్దినా వేడెక్కవు... ఈ ఉదయం ఆమె చేత్తో ఇంకా పైకి తడిమి చూసింది. మోకాళ్లు కూడా చల్లారాయి.

బిడ్డ మాత్రం కిటికీ వైపు చేతులు చాచి నవ్వుతున్నాడు.