ఒంటి వేగం

పరికరం పెట్టిన నలభై ఒకటో రోజు ఉదయం గ్రాఫు మీద రెండు గీతలూ కలిసి పైకి పోయాయి. అలా పోకూడదు. హార్మోన్ గీత లేస్తే షుగర్ గీత దిగాలి. పరికరం తయారు చేసిందే అందుకు. డాక్టర్ ఇందుకూరి భార్గవి కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచింది.

ఆ పరికరం పేరు టి-పంప్. చొక్కా గుండీ అంత ఉంటుంది. భుజం దగ్గర చర్మం కింద అమరుస్తారు. మన గొంతు ముందు సీతాకోకచిలుక ఆకారంలో థైరాయిడ్ గ్రంథి ఉంటుంది. ఒళ్ళు తన ఇంధనాన్ని ఎంత జోరుగా ఖర్చు చేయాలో చెప్పేది దాని హార్మోనే. అది తగ్గితే మనిషి మందగిస్తాడు, బరువు పెరుగుతాడు. డయాబెటిస్ కూడా ఉంటే షుగర్ ఓ పట్టాన అదుపులోకి రాదు. టి-పంప్ ఐదు నిమిషాలకోసారి రక్తంలో షుగర్ చూస్తుంది. పెరిగిందంటే రవ్వంత హార్మోన్ వదులుతుంది. ఒళ్ళు జోరందుకుని ఆ షుగర్‌ని వాడేసుకుంటుంది.

విశాఖపట్నంలో భార్గవి ల్యాబ్‌లో తయారైన ఆ పంప్‌ను మొదట పెట్టించుకున్న మనిషి కోరాడ పైడితల్లి. గాజువాకలో స్కూలు యూనిఫారాలు కుడుతుంది. యాభై నాలుగేళ్ళు. పన్నెండేళ్ళుగా రెండు జబ్బులూ ఉన్నాయి. మిషను తొక్కుతూ తొక్కుతూనే గుడ్డ మీద తల వాల్చి నిద్రపోయేది. పంప్ పెట్టాక నెల రోజులు అంతా అనుకున్నట్టే సాగింది. తర్వాత ఆమెకు జ్వరం వచ్చింది, షుగర్ పెరిగింది. జ్వరం తగ్గింది గానీ షుగర్ తగ్గలేదు.

భార్గవిని అన్నిటికన్నా కలవరపెట్టింది నాడి. ఒంట్లో అంత హార్మోన్ ఉంటే గుండె దడదడలాడాలి. నాడి కొలవడానికి పైడితల్లికిచ్చిన మణికట్టు బ్యాండు మాత్రం నిమిషానికి అరవై ఆరే చూపిస్తోంది. ఫోన్ చేస్తే పైడితల్లి, పనిలో ఉన్నానని ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది. భార్గవి కారు తీసి గాజువాక వెళ్ళింది.

వాకిట్లో వాలుకుర్చీలో పైడితల్లి భర్త అప్పలస్వామి కునుకు తీస్తున్నాడు. పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. బ్యాండు అతని చేతికుంది.

లోపల గోడ పక్కన యూనిఫారాలు నడుమెత్తున పేర్చి ఉన్నాయి. పైడితల్లి స్టూలెక్కి గోడకు సున్నం వేస్తోంది. మనిషి చిక్కింది, జాకెట్టు చెమటతో తడిసింది. దిగకుండానే మాట్లాడింది. తెల్లారకముందే వంటయిపోయిందనీ, పరుపులన్నీ విప్పి దూది ఏకించి మళ్ళీ కుట్టేశాననీ, వీధిలో నలుగురి బట్టలు తనే ఉతుకుతున్నాననీ గబగబా చెప్పుకుపోయింది. భార్గవి పైనున్న చొక్కా తీసి చూసింది. కుట్టు వంకరటింకరగా పోయింది. సూదిలో దారం ఎవరు ఎక్కిస్తున్నారని అడిగింది.

"ఆయనే. నా చెయ్యి వణుకుతాది."

"బ్యాండు ఎప్పుడు మార్చారు?"

"పది రోజులైంది. ఊరికే మోగుతుంటే మీరొచ్చి ఆపేస్తారని బయమేసింది."

భార్గవి ఆమెను కిందికి దింపి కూర్చోబెట్టి విషయం చెప్పింది. హార్మోన్ హద్దు దాటితే, ఇంధనం చాలడం లేదనుకుని లివర్ తన నిల్వలోని చక్కెరను రక్తంలోకి వదులుతుంది. దాన్ని చూసి పంప్ ఇంకాస్త హార్మోన్ వదులుతుంది. లివర్ ఇంకాస్త చక్కెర వదులుతుంది. ఇదిలా ఒకదాన్నొకటి తరుముకుంటూనే పోతుంది, చివరికి గుండె ఆగిపోవచ్చు. ఇది ముందే ఊహించకపోవడం తన తప్పేనంది. చెబుతూనే ఆమె నాడి పట్టుకుని చూసింది. నూట నలభై ఎనిమిది, అదీ తప్పుతూ తప్పుతూ కొట్టుకుంటోంది.

పైడితల్లి చెయ్యి లాక్కోలేదు. "పన్నెండేళ్ళు కూకున్నకాడే తూలిపోయినాను డాక్టరమ్మా. ఇప్పుడు మెలకువొచ్చింది. మళ్ళీ నిద్రపుచ్చకండి," అంది.

భార్గవి బ్యాగులోంచి అయస్కాంతం తీసి పంప్ మీద ఆనించింది. పంప్ ఆగిపోయింది. భార్గవీ అప్పలస్వామీ కలిసి ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. గుండె కుదుటపడడానికి తొమ్మిది రోజులు పట్టింది.

మూడు నెలల్లో భార్గవి పంప్‌కు హద్దు పెట్టింది. ఆ గీత దాటితే ఒక్క చుక్క కూడా రాదు. నాడి చూసే పనీ పంప్‌లోకే చేర్చింది. దాన్ని పెట్టాక పైడితల్లి షుగర్ నిలకడగా ఉంది, చెయ్యి వణకడం లేదు, కుట్టు తిన్నగా వస్తోంది. కునుకులూ పోయాయి. ఎలా ఉందని భార్గవి అడిగినప్పుడల్లా బాగానే ఉందమ్మా అంటుంది. అంతకు మించి ఏమీ చెప్పదు.

తర్వాతి ప్రయోగానికి వచ్చినవాళ్ళను ల్యాబ్ హాల్లో కూర్చోబెట్టారు. అందరూ ఆ రెండు జబ్బులతో వేగుతున్న ఆడవాళ్ళే, ముప్పై తొమ్మిది మంది. భార్గవి దాపరికం లేకుండా పాత పంప్ చేసిన చేటంతా చెప్పింది. అనుభవించిన మనిషి చెబితే నమ్ముతారని పైడితల్లిని నిలబెట్టింది. పైడితల్లి చెయ్యి వణుకు చెప్పింది, గుండె దడ చెప్పింది, చావు దగ్గరిదాకా వెళ్ళొచ్చానంది. ఒక్క మాటా తగ్గించలేదు.

వెనక వరసలోంచి ఒకావిడ లేచింది. హాస్టల్లో వంట చేస్తుందట. ఆ పది రోజులూ రోజుకు ఎంతసేపు పడుకున్నారని అడిగింది.

"మూడు గంటలు."

"మిగతా పొద్దంతా?"

"పని చేసినానమ్మా. అలుపు రాలేదు."

ఎవరూ ఇంకేమీ అడగలేదు.

సందేహాలుంటే పేరు లేకుండా రాసివ్వమని కాగితాలు పంచారు. అరగంట తర్వాత భార్గవి వాటిని ఒక్కొక్కటే విప్పింది. వేర్వేరు చేతిరాతల్లో అన్నిటిలోనూ ఒకే సంగతి ఉంది. పాత రకం పంప్ ఇంకా దొరుకుతుందా అని.

ఆమె లెక్కపెట్టింది. నలభై. తప్పు లెక్కేమోనని మళ్ళీ లెక్కపెట్టింది. తల ఎత్తి చూస్తే పక్క కుర్చీలో పైడితల్లి కిటికీ వైపు చూస్తూ కలానికి మూత పెడుతోంది.