నలభయ్యో మాట

అంగారకుడి మీద అరుణపట్నంలో చేపల పులుసు వాసన వచ్చిందంటే బుధవారం మధ్యాహ్నం అయినట్టే. గడియారం చూసే పనిలేదు. పైడితల్లి క్యాంటీను ముందు మంచు తవ్వేవాళ్ళూ, గాలి గొట్టాలు బాగుచేసేవాళ్ళూ పళ్ళేలు పట్టుకుని వరస కడతారు. ఆ వరసలో ఎంత వెనక నిలబడ్డా డాక్టర్ దమయంతికి బెంగలేదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేనంటారు కదా. తొట్టిలో పెంచిన చేప నడిముక్క తొమ్మిదేళ్ళుగా ఆమె కోసం గిన్నె అడుగున దాక్కునే ఉంటోంది.

ఆ నడిముక్కే ఇప్పుడు క్యాంటీను నడిపే పైడితల్లి కొంప ముంచేలా ఉంది.

పదకొండు దేశాలవాళ్ళు కట్టుకున్న ఊరు కాబట్టి అక్కడి రాజ్యాంగం ఇంగ్లీషులో రాసుకున్నారు. సిటిజన్, డ్యూటీ, కోరం, పిటిషన్ లాంటి నలభై మాటలు వచ్చినవాళ్ళకే పౌరసత్వం. మొదట్లో జనం అర్థాలు బట్టీపట్టి పాసయ్యేవారు, మర్నాడే పక్కింటి నీళ్ళ గొట్టానికి కన్నం పెట్టేవారు. చూసి చూసి విసిగిన దమయంతి పదగుళిక కనిపెట్టింది. నాలుక మీద కరిగే ఆ బిళ్ళలోని నానో కణాలు నరాల వెంట మెదడుకు చేరి, ఆ మాటకు సరిపడే అనుభవం మనిషి జ్ఞాపకాల్లో ఎక్కడుందో వెతికి, మాటను దానికి ముడివేస్తాయి. దీనికి ఆమె ‘వేరూనడం’ అని పేరు పెట్టింది. పదిమందీ కూర్చుంటే గానీ గరిటె ముట్టని పైడితల్లి అలవాటులో కోరం వేరూనింది. నీళ్ళు రాని రోజున పంపుహౌసుకు వెళ్ళి ఆవిడ అడిగిన తీరులో పిటిషన్ కుదురుకుంది. అలా ముప్పై తొమ్మిది మాటలు చకచకా పట్టుకున్నాయి.

నలభయ్యోది ఇంపార్షల్. ఎవరిపట్లా పక్షపాతం లేకపోవడం. పరీక్షా ఫలకం మీద చెయ్యి పెడితే నూటికి డెబ్భై రావాలి. ఆరు బిళ్ళలు మింగినా పైడితల్లికి ముప్పై దాటలేదు. ఎక్కడ వెతికినా బిళ్ళకు ఆ నడిముక్కే తగిలింది మరి!

గడువు ముగిసేలోగా ఆవిడకు మిగిలిన ఆఖరి పరీక్ష గురువారం. తప్పినవాళ్ళు శుక్రవారం ఓడలో భూమికి వెళ్ళిపోవాలి. భూమ్మీద పైడితల్లికి ఇల్లూ లేదు, రమ్మని పిలిచే మనిషీ లేదు. వచ్చిన కొత్తలో దమయంతి జ్వరంతో పడుంటే వారంపాటు పక్కన కూర్చుని గంజి తాగించిన మనిషి ఆవిడ. ఆవిడ లేని ఊళ్ళో ఉండడం దమయంతి వల్ల కాదు. నన్నూ అందరితో సమానంగా చూడు పిన్నీ, మాట దానంతటదే పట్టుకుంటుందని ఎన్నోసార్లు బతిమాలింది.

“నీ పళ్ళెంలో తోక ముక్క ఎయ్యడానికి నా సెయ్యి రాదమ్మా. ఏటి సెయ్యమంతావు?” అంది పైడితల్లి.

ఏం చెయ్యాలో దమయంతే చేసింది. పరీక్షాధికారి ఆమే కాబట్టి, గురువారం పొద్దున్నే వెళ్ళి ఫలకంలో డెబ్భై దగ్గరున్న గీతను పాతికకు దింపేసింది. ఊరందరికీ ఇంపార్షల్ పంచిపెట్టిన మహాతల్లి! పరీక్ష గది తలుపు దగ్గర పైడితల్లి చెవిలో, గీత దింపేశాను, భయపడకు, పచ్చదీపమే వెలుగుతుంది అని చెప్పింది. పైడితల్లి లోపలికి నడిచింది, వెనకే దమయంతి.

చెయ్యి పెట్టింది. ఇరవై తొమ్మిది. పచ్చదీపం వెలిగింది.

“అభినందనలు,” అంది ఫలకం. “పౌరురాలిగా మీకు మొదటి ప్రశ్న. ఈ పరీక్షలో మీపట్ల ఎవరైనా పక్షపాతం చూపారా?”

అందరినీ అడిగే ప్రశ్నే. అందరూ లేదనేసి మిఠాయి పంచుకోవడానికి పరుగెత్తేవారు. పైడితల్లి మాత్రం నిలబడిపోయింది. లేదనవే తల్లీ, లేదను, అని దమయంతి లోలోపలే మొక్కుకుంది.

“సూపారు,” అంది పైడితల్లి. “డాకటరమ్మ నాకోసం గీత కిందికి దింపింది. నా పేణం లాంటి మనిషే. అయినా తప్పు తప్పే కదా.”

దీపం ఆరిపోయింది. దమయంతికి ఒళ్ళు మండిపోయింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. “ఎంత పని చేశావు పిన్నీ! రేపే ఓడ.”

ఫలకం గీతను మళ్ళీ డెబ్భైకి ఎక్కించి, చెయ్యి పెట్టమంది. పైడితల్లి కొంగుకు తుడుచుకుని పెట్టింది. అంకె ముప్పై దాటింది, యాభై దాటింది, తొంభై ఒకటి దగ్గర ఆగింది. అరవయ్యేళ్ళ జ్ఞాపకాల్లో దొరకనిది బిళ్ళకు ఆ అరనిమిషంలో దొరికింది. ఈసారి దీపం నిజంగా వెలిగింది.

అదే గొంతుతో ఫలకం, పరీక్షాధికారి దమయంతిని పదవి నుంచి తప్పించామనీ, సోమవారం పౌరసభ ముందు విచారణ ఉంటుందనీ చెప్పింది.

దమయంతి బల్లమీద కూలబడింది. తన గుళిక ఇంత బాగా పనిచెయ్యడం ఆమె ఎప్పుడూ చూడలేదు. దాన్ని ఊరందరి చేతా మింగించింది గానీ, తనకెందుకులే అని తనెన్నడూ నాలుక మీద పెట్టుకోలేదు. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చి సిగ్గుతో ముఖం కప్పుకుంది.

పైడితల్లి వచ్చి పక్కన కూర్చుంది. “కోపమొచ్చిందా?”

“వచ్చింది,” అంది దమయంతి.

“రానీ. సోమారం నీతోపాటు నానూ వత్తాను. నీమీద సెప్పిందీ నానే, నీ పక్కన నిలబడీదీ నానే.”