నాలుగు రంధ్రాల గుండీ

ఆమె ఎవరిదో చొక్కాకు గుండీలు కుడుతూ ఏదో గొణుక్కుంటోంది. సూది పైకి వచ్చినప్పుడు ఒక మాట, కిందికి దిగినప్పుడు ఇంకో మాట. మీథేన్, ఈథేన్, ప్రొపేన్. పక్కన కెమిస్ట్రీ పుస్తకం తెరిచి ఉంది. గాలికి పేజీలు కదలకుండా దాని మీద గుండీల డబ్బా పెట్టింది. పరీక్ష ఎల్లుండి.

"అమ్మడూ, ఆ చొక్కావాళ్ళు సాయంత్రానికే వస్తారు. నీ ప్రొపేన్‌కి ఎల్లుండిదాకా గడువుంది," అంది వదిన మిషను తొక్కుతూ.

ఇంటర్లో అన్ని సబ్జెక్టులూ అయిపోయాయి, ఇదొక్కటే మిగిలింది. రెండుసార్లు రాసింది, రెండుసార్లూ పోయింది. ఈసారి గట్టెక్కితే పొరుగూళ్ళో హాస్టల్లో ఉండి నర్సింగు చదవొచ్చు. పోతే తన టైలరు కొట్లో ఆమెకు ఇంకో మిషను వేయిస్తానని నాన్న మెత్తగానే చెప్పాడు. ఆ మెత్తదనమే ఆమెకు భయం.

బయట వాన మొదలైంది. దానితోపాటే పైగది అబ్బాయి లోపలికి వచ్చాడు. కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంటు. మేడమీద గదిలో అద్దెకుంటాడు. అతని చొక్కాలన్నిటికీ యాసిడ్ చిల్లులే. వాటికి అతుకులు వేసేది ఆమె.

"మళ్ళీనా?" అంది చొక్కా అందుకుంటూ.

"ఈసారి నా తప్పు లేదండీ. పిల్లలు బీకరు ఒలికించారు."

"పోయినసారీ పిల్లలే."

"పిల్లల్ని అనకు," అంది వదిన దారం కొరుకుతూ. "యాసిడ్ బాబు మెట్లు దిగాలంటే ఏదో ఒక వంక ఉండొద్దూ?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఎటు చూడాలో తోచక పుస్తకంలోకి చూశాడు. అక్కడ ఆమె పెన్సిలుతో వేసిన బొమ్మ కనబడింది.

"ఈ కార్బన్‌కి ఐదు చేతులున్నాయేంటండీ?"

"ఎన్నుండాలి?"

"నాలుగు."

"చదివేటప్పుడు నాలుగే. గీసేటప్పటికి ఎక్కడి నుంచో ఇంకోటి వచ్చేస్తుంది."

అతను కాసేపు ఆలోచించి గుండీల డబ్బా దగ్గరికి లాక్కున్నాడు. వెతికి ఒక తెల్ల గుండీ తీశాడు.

"దీనికి ఎన్ని రంధ్రాలు?"

"నాలుగు."

"ఇది కార్బన్. ఇదిగో, రెండు రంధ్రాల ఎర్ర గుండీ, ఆక్సిజన్. వెనక ఒక్క కొక్కెం ఉన్న ఈ ముత్యాల గుండీ హైడ్రోజన్. ఏ రంధ్రమూ ఖాళీగా ఉండకూడదు. ఇప్పుడు ఇథనాల్ కుట్టండి."

ఆమె నవ్వింది. కానీ సూది చేతిలో ఉంటే ఆమెకు బెదురుండదు. కాసేపట్లోనే గుండీల గుత్తి అతని అరచేతిలో పెట్టింది. అతను దాన్ని దీపం దగ్గర తిప్పి చూశాడు.

"ఇక్కడ ఒకే రంధ్రంలో రెండు దారాలున్నాయి. ఎందుకు?"

"ఒక్క దారమైతే ఊడిపోదూ? గుండీ అన్నాక ఒకే రంధ్రంలోంచి మళ్ళీ మళ్ళీ తీస్తాంగా."

అతను ఆమెనే చూశాడు. తర్వాత నెమ్మదిగా నవ్వాడు.

"ఐదో చెయ్యి ఎక్కణ్ణుంచి వస్తోందో తెలిసింది. మీరు కార్బన్‌ని కూడా గట్టిగా కుడుతున్నారు. కెమిస్ట్రీలో ఒక్కో రంధ్రానికి ఒక్కో దారం. అంతే."

అతను వెళ్ళాక ఆమె ఆ మాటే మననం చేసుకుంటూ చొక్కా గుండీలు కుట్టేసి, వాళ్ళు రాగానే ఇచ్చి పంపింది.

మర్నాడు ఆమెకు పాఠం చెప్పడానికి అతను సెలవు పెట్టాడు. వాన కూడా సెలవు పెట్టించే వానే. ఆల్కహాళ్ళు, ఆల్డిహైడ్లు, ఆమ్లాలు ఒక్కొక్కటే గుండీల గుత్తులై బల్లమీద వరుసగా చేరాయి. సాయంత్రం నాన్న కొట్టు కట్టేసి వచ్చాడు. చేతిలో నిన్నటి చొక్కా.

"ఇల్లు చేరేలోపే మూడు గుండీలు రాలిపోయాయట. ఎవరు కుట్టారు?"

మిషను ఆగింది.

"ఒక్కో రంధ్రానికి ఒక్కో దారం, నాన్నా," అంది ఆమె తల దించుకుని.

వదిన చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న కూతుర్నీ, అతన్నీ మార్చి మార్చి చూశాడు.

"బాబూ, పరీక్ష అయ్యేదాకా దీన్ని చొక్కాల జోలికి రానీకు." ఆ మాట అని, బల్లమీదున్న గుత్తి ఒకటి తీశాడు. "ఇదేంటి?"

"ఎసిటిక్ ఆమ్లం."

ఆయన కళ్ళజోడు సర్దుకుని ప్రతి గుండీనీ వేలితో తడిమాడు.

"ఒక్క రంధ్రమూ ఖాళీ లేదు," అని దాన్ని జాగ్రత్తగా కింద పెట్టాడు. "కుట్టు బాగుంది."

నాన్న లోపలికి వెళ్ళాడు. అతను మెట్ల దాకా వెళ్ళి ఆగాడు. ఆమె గుమ్మంలో నిలబడింది. చూరునుంచి నీళ్ళు వాళ్ళిద్దరి మధ్య కారుతున్నాయి.

"పాసైతే వెళ్ళిపోతారుగా."

"వెళ్ళాలనేగా మీరు నేర్పుతున్నది."

"అవును. నేర్పుతున్నంతసేపూ బాగానే ఉంటుంది. మేడెక్కాకే బాగోదు." అతను తడిసిన మెట్టును చూస్తూ అన్నాడు. "అక్కడికొచ్చి మిమ్మల్ని చూడొచ్చా? చిల్లులేవీ లేకపోయినా?"

ఆమె ఒకడుగు వెనక్కి వేసింది.

"ఇప్పుడు నోరు తెరిస్తే ఆల్డిహైడ్లన్నీ కారిపోతాయి," అంది. "రేపు హాల్లో కూర్చునేదాకా నేను ఎవరితోనూ మాట్లాడను."

గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

పొద్దున అతను మెట్లు దిగేసరికి నాన్న టేపు మెళ్ళో వేసుకుని ఎదురుచూస్తున్నాడు.

"చేతులు చాపు బాబూ."

"నాకా? ఎందుకండీ?"

"పొరుగూరు వెళ్ళేవాడికి చిల్లుల్లేని చొక్కా ఒకటైనా ఉండాలి కదా." ఆయన భుజాల కొలత తీసుకుంటూ మామూలుగా అన్నాడు. "ఆ కిటికీ రెక్క సరిగ్గా పడదు. మెట్ల దగ్గర మాటలన్నీ లోపలికి వస్తాయి."

మిషను మీద గుడ్డ లేకుండానే వదిన చక్రం తిప్పుతోంది.

ఆమె లోపల్నుంచి వచ్చింది. చంకలో పరీక్ష అట్ట, బిగించిన పెదాలు. అతుకులు వేసిన అతని చొక్కా మడత అతని చేతిలో పెట్టింది.

తెల్ల గుండీల వరుసలో గుండె దగ్గర ఒకటి మాత్రం ఎర్రగా ఉంది. రెండు రంధ్రాలదే. కానీ రంధ్రాలు కనబడటం లేదు. దారం అన్నిసార్లు తిరిగింది. అతను దాన్ని పట్టి లాగాడు. ఇంకాస్త గట్టిగా లాగాడు. రాలేదు.

తలెత్తి చూశాడు. ఆమె గొడుగు అందుకోవడానికి చెయ్యెత్తింది. కుర్తా చేతి అంచున, ఇంతకుముందు లేని తెల్ల గుండీ ఒకటి, అతని చొక్కాదే, మెరిసింది.

ఆమె చెప్పులు వేసుకుంది. ఒక్కసారి వెనక్కి తిరిగి అతని కళ్ళలోకి చూసి, పెదాలు ఇంకాస్త బిగించి, గొడుగు విప్పి వానలోకి నడిచింది.