పలకల గుంతల్లో తోడేలు

శ్రీశైలమ్మ గడప దాటి లోపలికి రాలేదు. చదువు రాదు కాబట్టి, డిటెక్టివు ఇల్లు ఏదని కోర్టు వెనక సందులో కనపడినవాళ్లనల్లా అడుక్కుంటూ వచ్చి, వాకిలి పట్టుకుని నిలబడిపోయింది. టైపు మిషను ముందున్న సహాయకుడు నతానియేలు కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నా బిడ్డను దాని నాయనే ఎత్తుకపోయినాడంట అయ్యా. స్టేషన్‌కు పోతే, మీ కులపెద్దలనే అడుక్కో పొమ్మన్నారు. ఎత్తుకపోతే పోయినాడు. అది బతికుందో లేదో అంతవరకు చెప్పండి చాలు."

ప్రభాకరరావు పోలీసు ఉద్యోగం వదిలి మార్కాపురంలో ప్రైవేటు డిటెక్టివుగా స్థిరపడిన మనిషి. ఆయన మాటంటే నతానియేలుకు శిలాశాసనం. ఆయన దగ్గినా అందులో ఏదో అర్థం ఉంటుందని నమ్మే రకం. గురువుగారు ఆమె చేత మంచినీళ్లు తాగించి, కథ కొంచెం కొంచెంగా రాబట్టారు.

రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. విడాకులకు చట్టమొచ్చినా గొర్రెల కాపర్లు కోర్టు మెట్లెక్కరు. పెద్దలు చెప్పిందే తీర్పు. దొనకొండ వైపు కాటమరాజుకూ శ్రీశైలమ్మకూ పెద్దలే తెగదెంపులు చేశారు. కూతురు శేషమ్మ ఏడేళ్లు నిండేదాకా తల్లి దగ్గర ఉండాలి. దాని పోషణకు తండ్రి తన మందలోంచి గొర్రెల్నీ, పాలకు ఒక మేకనూ ఇవ్వాలి. వాటి పిల్లలూ శేషమ్మవే. ఏడేళ్లు నిండాక పిల్లా, మందా తండ్రి దగ్గరికి పోవాలి. ఆ గడువు దగ్గరపడింది. ఇంతలో పిల్ల మాయమైంది. కాటమరాజు భుజాన వేసుకుని పోతుంటే చూశానని శ్రీశైలమ్మ అన్న చిన్నయ్య చెబుతున్నాడు. ఆమె ఉండేది ఆ అన్న ఇంట్లోనే.

బస్సు దిగి, గురువుగారి వెంట నల్లమల అంచున ఉన్న చిన్నయ్య పల్లెకు నడిచేసరికి నతానియేలుకు ప్రాణం ఉసూరుమంది. ఊరవతల, పలకరాయి తవ్వి వదిలేసిన పలకల గుంతలు నల్లగా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. అటు ఒక్క మనిషీ లేడు. పిల్ల కోసం ఊరంతా గాలించారట, గుంతల దిక్కు మాత్రం పోలేదట. అక్కడ తోడేలు తిరుగుతోందని చిన్నయ్య చెప్పాడట. నతానియేలుకు ఒక అనుమానం వచ్చింది. ఆ తోడేలు పిల్లను తినేసి ఉంటే? ఆ మాట శ్రీశైలమ్మ ముందు అనలేకపోయాడు.

చిన్నయ్య మర్యాద తెలిసినవాడు. మంచం వాల్చి, మజ్జిగ ఇచ్చి, చెల్లెలి గతి తల్చుకుని కళ్లు ఒత్తుకున్నాడు.

"తోడేలు ఏం తిన్నది?" అని ప్రభాకరరావు అడిగారు.

"శేషమ్మ పాలమేకను. బిడ్డ పోయిన నాడే. మాపటికి పోయి చూస్తే సగమే మిగిలింది సారూ, కట్టె మాదిరి బిగుసుకపోయింది. పెద్దలకు లెక్క చెప్పాల గదా, చెవి కోసుకొచ్చినా."

దూలంలో దోపిన చెవి తీసి చూపించాడు. దాని మీద కాటమరాజు మందకు వేసే రెండు గాట్ల గుర్తుంది. కోసిన అంచంతా నెత్తురు గడ్డకట్టి, వెంట్రుకలు అట్ట కట్టి ఉన్నాయి. దొడ్లో ఆ మేక పిల్ల ఆగకుండా అరుస్తోంది. దానికి వేరే మేక పాలు పట్టవద్దని చెప్పి, ప్రభాకరరావు కాటమరాజుకూ కులపెద్ద నరసింహులుకూ కబురు పంపారు. సార్ తెలిసి తెలిసి నోరులేనిదాన్ని మాడ్చడమేమిటని నతానియేలుకు మనసులో కష్టం వేసింది.

మర్నాడు పొద్దెక్కాక అందరూ దొడ్డి ముందు చేరారు. కాటమరాజు ఎవరూ పట్టి తేకుండానే వచ్చాడు. రాగానే శ్రీశైలమ్మ ముందు నిలబడి, బిడ్డ ఏదని ఆమెనే అడిగాడు. ఆమె ఏడ్చింది.

"పెద్దాయనా," ప్రభాకరరావు నరసింహులు వైపు తిరిగారు, "పిల్లను తండ్రే తీసుకుపోతే, దాని మందను ఎందుకు వదిలిపెడతాడు? పిల్లతో పాటు మంద అతనిదేగా. పోనీ అది వదిలేద్దాం. చచ్చి బిగుసుకుపోయిన జీవానికి చెవి కోస్తే ఇంత నెత్తురు కారుతుందా?"

నరసింహులు చెవి అందుకుని వేలితో తడిమాడు. "కారదు. ఇది పానం ఉండంగ కోసిన చెవి."

"అంటే మేక బతికే ఉంది. దాన్ని దాచాల్సిన అవసరం ఎవరికి? పిల్లను దాచినవాడికే. ఇంట్లోంచి అన్నం మోస్తే చెల్లెలు కనిపెడుతుంది. మేకను పిల్ల దగ్గర కట్టేస్తే, మంద మేపే నెపంతో పోయి పాలు పిండి పట్టవచ్చు. మేకనూ కాటమరాజే తోలుకుపోయాడని ఒక్క మాట అనుంటే నేను ఏమీ పట్టుకోలేకపోయేవాణ్ణి. కానీ చిన్నయ్య పుట్టు కాపరి. జీవం పోయిందంటే చెవి చూపించాల్సిందే, లేకపోతే అమ్ముకున్నాడంటారు. ఆ అలవాటే అతణ్ణి పట్టిచ్చింది."

చిన్నయ్య ఎందుకు చేశాడో కూడా ప్రభాకరరావు చెప్పారు. శేషమ్మ వెళ్లిపోతే దొడ్డి ఖాళీ అవుతుంది. తండ్రి మీద దొంగతనం పడితే పెద్దలు అతని హక్కు కొట్టేస్తారు, మంద ఇక్కడే ఉంటుంది. చిన్నయ్య కాదనలేదు.

"ఆ తర్వాత పిల్లను ఏం చేద్దామనుకున్నావు చిన్నయ్యా?"

అతను తల వంచుకున్నాడు. నరసింహులు ఇద్దరు మగవాళ్లను పిలిచి అతణ్ణి పట్టుకోమన్నాడు.

మేకపిల్లను చంకలో పెట్టుకుని ప్రభాకరరావు, చిన్నయ్య తోడేలు పేరు చెప్పి జనాన్ని దూరం పెట్టిన గుంతల వైపు నడిచారు. ఆకలికి అది అరుస్తూనే ఉంది. మొదటి గుంత పలకలేదు, రెండోదీ పలకలేదు. కొండవార గుంత దగ్గరికి పోగానే అడుగునుంచి తల్లి మేక జవాబుగా అరిచింది. నతానియేలు చెప్పులు వదిలేసి కిందికి జారాడు.

పలకల చాటున ఒంటిచెవి మేక. దాని పక్కన, కాలికి తాడుతో శేషమ్మ. తాడు విప్పుతుంటే పిల్ల అతని వైపు చూడలేదు. పైనున్న తల్లినీ, ఆమె పక్కనున్న మనిషినీ చూస్తోంది. నతానియేలు ఎత్తుకుని పైకి తెచ్చాక తల్లి కొంగు పట్టుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"నాయన వస్తే నన్ను చంపుతాడని నువ్వే దాయమన్నావంట గదమ్మా. మామ చెప్పినాడు. మళ్ల ఆయన్నే ఎందుకు తోలుకొచ్చినావు?"

శ్రీశైలమ్మ కూతుర్ని గట్టిగా హత్తుకుంది. తాను దాయమనలేదనీ, నాయన చంపడనీ, మామ అబద్ధం చెప్పాడనీ చెప్పింది. పిల్ల నమ్మినట్టు లేదు.

నరసింహులు తీర్పు తీర్పేనన్నాడు. గడువు తీరగానే పిల్ల తండ్రిది. శ్రీశైలమ్మ కూతుర్ని వెనక్కి లాక్కుంది. మందంతా తోలుకుపోండి, దీన్ని మాత్రం వదిలేయండి అంది.

కాటమరాజు అడ్డుపడ్డాడు.

"ఇప్పుడు తీసుకపోతే మామ చెప్పిందే నిజమనుకుంటది," అన్నాడు. "బిడ్డా, మందా తల్లి కాడనే ఉండనీ పెద్దాయనా. నేనే వచ్చి పోతాంటా. ఆ ఇంట్లో మాత్రం ఉంచొద్దు."

తానిక ఆ గడప తొక్కనని శ్రీశైలమ్మ అంది. కూతుర్ని చంకనెత్తుకుని బయలుదేరింది. దారి ఇరుకు, కాటమరాజును దాటుకునే పోవాలి. దగ్గరికొచ్చేసరికి శేషమ్మ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. కాటమరాజు పలకల కుప్ప మీదికి ఎక్కి, వాళ్లకు దారి వదిలాడు.